వాకిలి ముందర దారి

తాయారు ముగ్గు వేసే వేళకు ఆ వీధి కాస్త ఒద్దికగా ఉంటుంది. పాలు పోసే అతను బండి ఇంజను ఆపి, దిగి, తోసుకుంటూ వెళతాడు. పేపరు వేసే అతను దూరం నుంచే గురిచూసి వరండాలోకి విసురుతాడు. గ్యాసు కంపెనీలో కొత్తగా చేరిన ఒకతను మాత్రం, పాపం తెలియక, ఒకనాడు ఆ ముగ్గు నట్టనడుమ సిలిండరు దించాడు. "కండ్లు యాడ పెట్టుకోని నడస్తా ఉండావయ్యా?" అని ఆమె అడిగిన అడుగు అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటు గేటు దాకా వినబడిందని ఎదురింటి నాగప్పన్ ఇప్పటికీ చెబుతుంటాడు. ఆ గ్యాసతను ఇప్పుడు పక్కింటి దగ్గరే బండి ఆపి, సిలిండరు భుజాన పెట్టుకొని, ముగ్గు చుట్టూ తిరిగి వస్తాడు. పైగా నమస్కారం కూడా పెడతాడు.

ఆమె కూర్చుని ముగ్గు వేయదు. నడుము వంచి, ఎడమచెయ్యి వెనక్కి మడిచి వీపు మీద ఆనించుకొని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండిని సన్నగా జారుస్తూ, వెనక్కి అడుగులు వేస్తూ వేస్తుంది. చుక్కలు పెట్టేటప్పుడు ఒక్క మాట మాట్లాడదు. మెలికలు తిప్పేటప్పుడు మాత్రం ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడు ఎక్కువగా మొగుడి గురించే.

ఆ సోమవారం గొణుగుడు ర్యాంపు గురించి. వరదనీళ్ళు ఇంట్లోకి వచ్చిన ఏడాది ఆమె మొగుడు దొరస్వామి ఇల్లు ఎత్తు చేయించి, స్కూటరు సులువుగా ఎక్కాలని గేటు నుంచి రోడ్డులోకి సిమెంటు ర్యాంపు పోయించాడు. ఏటవాలు మెత్తగా ఉండాలని చెప్పి దాన్ని లాగి లాగి పొడుగు చేశాడు. దాంతో తాయారు వాకిలి కాస్తా రోడ్డు మీద పడింది. ర్యాంపు ముగిసిన చోట ఆమె ముగ్గు మొదలవుతుంది.

"ఇల్లు ఒకటి కట్టుకున్నాము. వాకిలి మాత్రం కార్పొరేషనోళ్ళది," అని గొణుక్కుంటూ ఆమె ఆఖరి మెలిక ముడివేసి నడుము ఎత్తింది.

పిల్లలు బళ్ళకు బయలుదేరే వేళకు వీధిలో లారీలు కూడా బయలుదేరతాయి. పెద్దరోడ్డు మీద సిగ్నలు తప్పించుకోవడానికి నీళ్ళ లారీలూ, ఎస్టేటుకు పోయే సరుకు బళ్ళూ ఈ వీధిలోకి దూరతాయి. తాయారు మనవరాలు అక్షయ ఆ రోజు ఎప్పటిలాగే సంచీ వీపుకు తగిలించుకొని, అన్నం డబ్బా చేత పట్టుకొని, షేర్ ఆటో ఆగే మలుపు దాకా నడిచిపోవడానికి గేటు దాటింది. దాటే ముందు వరండాలో గొలుసు వేసి ఉన్న సైకిలు గంటను ఒకసారి మోగించింది. ఆ పిల్ల పదకొండో తరగతి, అంటే ప్లస్ వన్‌లోకి వచ్చిందని బళ్ళో సర్కారువాళ్ళు ఇచ్చిన సైకిలు అది. సీటుకు ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. తీసే రోజు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

ర్యాంపు దిగి, ముగ్గు అంచున చుట్టూ తిరిగి అక్షయ రోడ్డు మీదికి వచ్చింది. వెనకనుంచి నీళ్ళ లారీ వచ్చింది. దాని పక్క అద్దం పిల్ల సంచీ పట్టీని తాకి లాగింది. అక్షయ గిర్రున తిరిగి గేటు గోడకు ఆనుకొని నిలబడింది. డబ్బా దొర్లిపోయింది, పెరుగన్నం తారు మీద తెల్లగా పరుచుకుంది. లారీ ఆగనే లేదు.

తాయారు వరండాలోనుంచి పరుగెత్తింది. ఆ పిల్ల ఒళ్ళంతా తడిమి చూసి, ఏమీ కాలేదని తెలిశాక గాని చెయ్యి తీయలేదు. కంపెనీ వ్యాను కోసం చెప్పులు వేసుకుంటున్న కోడలు వినోదిని, ఒక చెప్పుతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇంక ఆ సైకిలు మాట నా దగ్గర ఎత్తొద్దు," అంది వినోదిని కూతురితో. "నడిచేదానికే దారి లేదు ఈడ. తిరువొత్తియూరు నుంచి మీ మామ ఆదివారం వస్తా ఉండాడు గదా, సైకిలు ఆయన బండిలో ఎక్కించేస్తాను. ఆయన కూతురన్నా తొక్కుకుంటాది."

అక్షయ డబ్బా మూత వెతికి తెచ్చి, సొట్టపడిన చోట బొటనవేలితో నొక్కి సరిచేస్తూ కూర్చుంది. ఆ పిల్ల ఏడ్చినా తాయారు తట్టుకునేది. ఏడవకుండా అలా మూతను నొక్కుతూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"ఆదివారం దాకా ఉండు వినోదిని," అంది తాయారు. "దారి లేకపోతే చేయిస్తాము."

చేయించడం ఆమె చేతుల్లో లేదు గాని, ఆ మాట ఊరికే అన్నదీ కాదు. వీధి సంఘానికి కార్యదర్శి దొరస్వామే. పిల్లలు బడికి నడిచిపోవడానికీ సైకిలు తొక్కుకుంటూ పోవడానికీ కార్పొరేషను ఆ పేటలో ఒక దారి వేయాలనుకుంటోందని, దానికి ఏ వీధి కుదురుతుందో చూడడానికి ఇంజనీరమ్మ వస్తుందని ఆయన నెల రోజులుగా ఊదరగొడుతున్నాడు. ఎస్టేటులో లేతు పట్టిన చెయ్యి, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంట్లో కాఫీ గ్లాసు జరిపినా కొలత ప్రకారం జరుపుతాడు.

మంగళవారం పొద్దున ఆ ఇంజనీరమ్మ వచ్చింది. పేరు రంజని. చంకలో హెల్మెట్టు, కాళ్ళకు కాన్వాసు బూట్లు, చూడ్డానికి అక్షయకు అక్కలా ఉంది. పుట్టింది గూడూరులో కాబట్టి తెలుగు వినబడగానే ముఖం విప్పారింది.

"నేను కాగితం మీద గీసేది తరవాత," అంది రంజని. "ముందు మీరంతా ఒకసారి బడి దాకా నడవండి. పిల్లలు నడిచినట్టే నడవండి, చేతిలో సంచీ పట్టుకొని. ఎక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వస్తుందో అక్కడ ఆగండి."

ఆ మాట వీధివాళ్ళకు తెగ నచ్చింది. కూరగాయల సంచులూ టిఫిను క్యారేజీలూ పట్టుకొని పెద్దవాళ్ళంతా వరసగా బయలుదేరారు. తాయారు అక్షయ పాత పుస్తకాల సంచీని వీపుకు తగిలించుకుంది. పట్టీలు చాలక అది మెడ దగ్గరే వేలాడింది. అది చూసి అక్షయ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. నిన్నటినుంచీ ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. తాయారు పనిగట్టుకొని ఆ సంచీని ఇంకాస్త పైకి లాక్కుంది.

వీధికి ఆ వైపు మురుగుకాలువా ట్రాన్స్‌ఫార్మరూ ఉన్నాయి. కాబట్టి దారి వేస్తే దొరస్వామి ఇల్లున్న ఇవతల వైపే వేయాలి. ఇవతల వైపు ఇంటింటికీ ఒక ర్యాంపు. దొరస్వామి ఒక్కొక్క గేటు ముందూ ఆగి, ఫోర్‌మన్ గొంతుతో, "ఇది రోడ్డుకు చెందిన తావు. మీ ర్యాంపు ఈడ దాకా వచ్చేసి ఉండాది," అని కాలితో గీత చూపిస్తూ పోయాడు. ఆ ఇళ్ళవాళ్ళు తలలు గోక్కున్నారు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ దొరస్వామి ఇంటి ముందే ఆగారు. ఆగారు అనడం కన్నా ఆగిపోయారు అనాలి. అక్కడ ర్యాంపు అడ్డం తగిలింది.

నాగప్పన్ తమిళుడే అయినా ఆ వీధి తెలుగు అబ్బినవాడు. వాక్యం తెలుగులో మొదలుపెట్టి ఎక్కడో తమిళంలో తేలుతాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, "స్వామీ, వీధిలో అన్నిటికన్నా పొడుగు ర్యాంపు ఎవరిదంటే..." అని అక్కడే ఆపేసి, మిగతాది నవ్వుతో పూర్తిచేశాడు.

అందరూ నవ్వారు. దొరస్వామి నవ్వలేదు. రంజని మాత్రం మెల్లగా విషయం చెప్పింది. "శుక్రవారం పొద్దున వచ్చి చూస్తానండీ. ఇవతల అంచున సున్నంతో ఒక గీత వేద్దాం. పిల్లలు గీతకు లోపలే నడిచారంటే ఈ వీధిని రాసి పంపుతాను. బడి వేళల్లో లారీలు కూడా ఇటు రాకుండా ఆపుతారు. లోపల నడవలేదంటే మాత్రం దారి ఎస్టేటు గోడ పక్క వీధికే వెళ్ళిపోతుంది. అక్కడ ర్యాంపులే లేవు."

ఎస్టేటు గోడ పక్క వీధి వీళ్ళ పిల్లలకు చుట్టుదారి. అటు తిరిగి పోయేదానికన్నా షేర్ ఆటోనే మేలు. అక్షయ ఆ మాటలు వింటూ వరండాలో సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసుకొని నిలబడి ఉంది. గంట మోగించలేదు.

ఆ సాయంత్రం దొరస్వామి కాఫీ తాగాడు, రెండుసార్లు గేటు దాకా వెళ్ళి ర్యాంపు మీద నిలబడి వచ్చాడు. తాయారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, గోడకు చెప్పినట్టు, "ఊరోళ్ళకంతా గీత చూపించినారు. మన గీత ఎవురు చూపిస్తారో," అంది.

"ఏమే, స్కూటరు నెత్తిన పెట్టుకోని ఎక్కమంటావా?"

"ఎక్కితే బాగానే ఉంటాది. జనం చూసేదానికి వస్తారు."

ఆయనకు నవ్వు వచ్చింది గాని మీసాల వెనక దాచుకున్నాడు.

బుధవారం పొద్దున తాయారు వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లబోతుంటే, "నేడు ముగ్గు ఆలస్యంగా వెయ్యి," అన్నాడు దొరస్వామి. లుంగీ ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, చేతిలో గడ్డపార పట్టుకొని ఉన్నాడు. ముందుగా ర్యాంపు అంచు వెంబడి సుద్దతో గీత గీసుకున్నాడు. పగలగొట్టేదానికి గీత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఎస్టేటులో ఆయన చేతికింద పనిచేసినవాళ్ళయితే అడగరు. గీత మీద ఉలి ఆనించి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ ఒక కాలువలా చెక్కాడు. తరవాత గడ్డపార మొన అందులో దించి, బరువంతా వేసి తొక్కాడు. సిమెంటు పలక పెళుక్కున లేచింది.

ఆ చప్పుడుకు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నాగప్పన్ బనీనుతోనే బయటికి వచ్చి, కాసేపు చేతులు కట్టుకొని చూశాడు. తరవాత పలకకు రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఈడ్చి పక్కన పడేశారు. ఇంక ఆ వీధికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. కార్యదర్శే పగలగొట్టుకుంటుంటే మిగతావాళ్ళకు చెప్పుకోవడానికి సాకు లేదు. మధ్యాహ్నానికి వీధంతా సుత్తుల మోత. కొందరు కూలీలను పెట్టుకున్నారు, కొందరు బావమరదులను పిలుచుకున్నారు. తాయారు అండానిండా మజ్జిగ కలిపి, అల్లమూ కరివేపాకూ దంచి వేసి, గ్లాసులు తిప్పింది. సిమెంటు దుమ్ములో అందరి తలలూ ఒక్కలాగే నెరిసిపోయాయి. అది చూసి మళ్ళీ నవ్వులు.

గురువారం దొరస్వామి ఎస్టేటులో తన పాత నేస్తాల దగ్గరికి వెళ్ళి చారల ఇనుపరేకు ఒకటి తెచ్చాడు. దాన్ని గేటు కమ్మీకి బందులతో బిగించాడు. దించితే స్కూటరు ఎక్కే పలక, ఎత్తి కొక్కెం తగిలిస్తే గేటుకు అతుక్కొని ఉంటుంది. దించి ఎత్తి, దించి ఎత్తి, బందులకు నూనె వేసి మళ్ళీ దించి ఎత్తి చూసుకున్నాడు. చూడవచ్చిన ప్రతివాడికీ తాను చూపించడమే కాక వాళ్ళ చేత కూడా చేయించాడు. ఇద్దరు తమకూ అలాంటిది చేసిపెట్టమన్నారు. మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు.

సాయంత్రానికి ఇవతల అంచు మొత్తం ఖాళీ అయింది. అక్షయా ఇంకొందరు పిల్లలూ సున్నం కలిపి, నూలు తాడు లాగి పట్టుకొని, వీధి ఈ చివరనుంచి ఆ చివరకు తెల్లగా గీత వేశారు. వినోదిని కంపెనీ వ్యాను దిగి ఆ గీత పక్కనే ఇంటిదాకా నడిచివచ్చింది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసింది.

"బాగుండాది గదా అమ్మా," అంది అక్షయ.

"రేపు పొద్దున చూస్తాము," అంది వినోదిని. సైకిలు తాళంచెవి ఆమె చేతిసంచీలోనే ఉంది. అయినా ఆ రేపు అన్న మాటలో సగం ఒప్పుకోలు ఉంది, అది తాయారు చెవిన పడింది.

మర్నాడు తమిళుల ఆడి నెలలో శుక్రవారం. ఆ నెలలో శుక్రవారమంటే ఆ పేటలో ఆడవాళ్ళకు మామూలు రోజు కాదు, అమ్మవారికి అంబలి పోసే రోజు. ఏటా ఆ రోజు ముగ్గుకు తాయారు ముందునుంచే సిద్ధమవుతుంది. ఈసారి ఆమె సంతోషానికి అంతులేదు. వాకిలి తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళుగా సిమెంటు కింద నలిగిన నేల, గేటు నుంచి సున్నం గీత దాకా, ఆమె కోసమే పరిచినట్టు చదునుగా ఉంది. చీకటి విడవకముందే లేచి ఊడ్చింది, నీళ్ళు చల్లింది, చదును చేసింది. బియ్యప్పిండి డబ్బా నిండుగా తెచ్చుకుంది. ఇంత మంచి పని జరుగుతున్న రోజున చిన్నా చితకా ముగ్గు వేస్తే నలుగురూ ఏమనుకుంటారు? గేటు గోడ నుంచి సున్నం గీత అంచు దాకా చుక్కలు పెట్టింది. ఒక మెలికలోనుంచి ఇంకో మెలిక లాగుతూ, మధ్యలో తామరలు విప్పుతూ, చుట్టూరా ఎర్రగా కావి దిద్దుతూ వేసింది. ఆమె ఆ రోజు గొణగలేదు. మొగుడి మీద చెప్పడానికి ఏమీ దొరకలేదు.

వేసి, వరండా మెట్టు మీద నిలబడి చూసుకుంది. తన చేత్తో అంత పెద్ద ముగ్గు ఆమె ఎప్పుడూ వేయలేదు. నాగప్పన్ ఎదురింటి మెట్టు మీదినుంచే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

రంజని చెప్పిన వేళకే వచ్చి, దొరస్వామి గేటు పక్కన నిలబడింది. దొరస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వినోదిని వ్యాను డ్రైవరును కాసేపు ఆగమని చెప్పింది. వీధి ఆ చివరనుంచి పిల్లలు రావడం మొదలైంది. జడలు వేసుకున్నవాళ్ళు, చిన్నతమ్ముళ్ళ చేతులు పట్టుకున్నవాళ్ళు, కబుర్లు చెప్పుకుంటూ అందరూ సున్నం గీతకు లోపలే నడిచి వస్తున్నారు. సైకిళ్ళమీద వచ్చే ఇద్దరాడపిల్లలు గీత వెంబడి దారం పట్టుకున్నట్టు తొక్కుతున్నారు. పక్కనే ఒక నీళ్ళ లారీ పోయింది. పిల్లలకు దానితో పనే లేకపోయింది. దొరస్వామి ఛాతీ ముందుకొచ్చింది.

అలా వచ్చిన పిల్లలు పక్కింటి గోడ దాటగానే గీత దాటి రోడ్డు మీదికి దిగారు. దొరస్వామి ఇల్లు దాటాక మళ్ళీ గీత లోపలికి ఎక్కారు. వెనక వచ్చినవాళ్ళూ అంతే. సైకిళ్ళ పిల్లలూ అక్కడికి రాగానే వెనక్కి తిరిగి చూసుకొని, రోడ్డు మధ్యకు వచ్చి, ఇల్లు దాటాక మళ్ళీ అంచుకు చేరారు. ఎస్టేటు సరుకు బండి ఒకటి గట్టిగా హారను కొట్టి, ఒక సైకిలు పక్కనుంచి ఒరుసుకున్నట్టుగా పోయింది.

"ఇక్కడేదో అడ్డం ఉందండీ," అంది రంజని. "వీధంతా లోపలే వస్తున్నారు. సరిగ్గా ఇక్కడే బయటికి పోతున్నారు."

దొరస్వామి ఇనుపరేకు సరిగ్గా ఎత్తి ఉందా అని చూశాడు. కొక్కెం లాగి చూశాడు. రాయి ఏదైనా ఉందేమో అని గోడ వార వంగి చూశాడు. నాగప్పన్ ఇవతలికి వచ్చి, కుక్క ఏదైనా పడుకుందేమో అని ముగ్గు చుట్టూ తిరిగి వెతికాడు. ఏమీ లేదు. ఆ వీధిలో అంత శుభ్రంగా ఉన్న చోటు ఇంకొకటి లేదు.

"ఏదీ లేకుండా పిల్లలు దిగరు కదండీ," అంది రంజని, కష్టంగానే. "ఇట్లా అయితే నేను ఆ పక్క వీధే..."

వినోదిని చేతిసంచీ భుజం మీదికి జరుపుకుంది. అక్షయ సైకిలు పక్కన నేలచూపులు చూస్తోంది. ఆ పిల్లకు తెలుసు. తెలిసి చెప్పడంలేదు. అది తాయారు గమనించింది.

అప్పుడే ఒక బుడ్డది, రెండో తరగతో మూడో తరగతో, అన్నయ్య చెయ్యి విడిపించుకొని లోపలి అంచునే వచ్చింది. ముగ్గు దగ్గరికి రాగానే ఎర్రటి కావి గీత ముందర టక్కున ఆగింది. పాదం ఎత్తింది. ఎత్తి, మెట్టు మీద నిలబడ్డ తాయారు వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది భయమే. వెంటనే పాదం వెనక్కి తీసుకొని, గౌను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, వేళ్ళమీద నడుస్తూ ముగ్గు అంచు చుట్టూ తిరిగి లారీలు పోయే రోడ్డులోకి దిగింది. దిగి, తాను ఎంత జాగ్రత్తగా నడిచిందో చూడమన్నట్టు అవ్వ వైపు తిరిగి నవ్వింది.

తాయారు ఎర్రటి కావి గీత వైపు చూసింది. సోమవారం అక్షయ కూడా అలాగే కదూ తిరిగింది. తాను ఇన్నాళ్ళూ ర్యాంపును తిట్టిపోసింది. లారీ అద్దం తగిలింది మాత్రం ముగ్గు అంచున. పాలతను, పేపరతను, గ్యాసతను, ఇంతమంది తన వాకిలి ముందు ఒదిగి పోతుంటే అదంతా మర్యాద అనుకుంది. ఆమెకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా భయమేసింది.

ఆమె మెట్టు దిగింది. గేటు తెరిచింది. ఉత్తకాళ్ళతో తన ముగ్గులోకి నడిచింది.

నాగప్పన్ నోరు తెరిచి మూయలేదు. తాయారు తామర మధ్యలో నిలబడి, రోడ్డులోకి దిగబోతున్న పిల్లలను చేత్తో పిలిచింది.

"ఈ పక్కకు రండి. ఈడ నడవండి."

ఎవరూ కదల్లేదు. ఒక పిల్లవాడు చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, అలాగైతే పర్వాలేదేమో అన్నట్టు.

"అవ్వా," అంది అక్షయ వరండాలోనుంచి, "నీ ముగ్గు యెవురు తొక్కుతారు? యెవురికి ధైర్యం ఉండాది?"

"నీకు ఉండాది. సైకిలు తీసుకోని రా."

అక్షయ అమ్మ వైపు చూసింది. వినోదిని అత్త వైపు చూసింది. అత్తగారి పాదాలు చీలమండల దాకా తెల్లగా, ఎర్రగా ఉన్నాయి. ఆ ఇంటికి కోడలై వచ్చిననాటినుంచి వినోదిని ఆ ముగ్గును తడిచీర కూడా తాకకుండా కాపాడుకుంటూ వచ్చిన మనిషి. ఆమె చేతిసంచీలో చెయ్యిపెట్టి, వెతికి, తాళంచెవి తీసి కూతురి అరచేతిలో పెట్టింది. "మెల్లగా తొక్కు," అంది.

దొరస్వామి రేకు దించాడు. సైకిలు దాని మీదినుంచి దడదడమంటూ దిగింది. అక్షయ సీటు మీది ప్లాస్టిక్ కాగితాన్ని ఒక్క లాగున చింపి తాతకిచ్చి, ఎక్కి కూర్చుంది. ముందు చక్రం ఎర్రటి గీత దగ్గర ఒక్క క్షణం తడబడింది. తాయారు పక్కకు జరిగి దారిచ్చింది. చక్రం తామరరేకులను చీల్చుకుంటూ, మెలికల మీదుగా, అవతలి అంచు దాటిపోయింది. సున్నం గీతకు లోపల నాలుగిళ్ళ దాకా తెల్లటి చార ఒకటి సన్నగా సాగిపోయింది. ఆ చివరనుంచి గంట మోగింది, ఆగకుండా మోగింది.

ఆ తరవాత పిల్లలను ఆపడం ఎవరి తరమూ కాలేదు. చెప్పులు విప్పినవాడు చేతిలో చెప్పులతోనే పరుగెత్తాడు. ఆ బుడ్డది వెనక్కి వచ్చి తొక్కింది, మళ్ళీ వచ్చి రెండోసారి తొక్కింది. సైకిళ్ళమీద వచ్చిన ఇంకో ఇద్దరు ఒకరి వెనక ఒకరు పోయారు. లోపలి అంచు వెంబడి తెల్లటి పాదాలు, ఎర్రటి పాదాలు, బడి వైపు. రంజని నవ్వుతూ కళ్ళు తుడుచుకొని, తన కాన్వాసు బూట్లతో తానూ ఒకసారి అటూ ఇటూ నడిచి చూసింది.

"ఈ వీధే రాస్తున్నానండీ," అంది దొరస్వామితో. ఆయన ఆ మాట వినిపించుకోలేదు. చేతిలో ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు.

శనివారం తెల్లవారుజామున తాయారు ఊడ్చి, నీళ్ళు చల్లి, మళ్ళీ ముగ్గు వేసింది. చిన్నది చేయలేదు, గోడ నుంచి గీత దాకానే వేసింది. దొరస్వామి కాఫీ గ్లాసుతో వచ్చి, "మళ్ళీ ఇంతదా? ఎట్టాగూ తొక్కుతారు గదే," అన్నాడు.

"తొక్కేదానికే వేసినాను. బోసి నేల మింద నడిపిస్తానా పిల్లోళ్ళను?" అంది ఆమె, మెలిక తిప్పుతూ.

పాలు పోసే అతను వచ్చాడు. బండి దిగి తోసుకుంటూ ముగ్గు ముందర ఆగి, సందేహంగా చూశాడు. ఆమె తల ఊపింది. ముగ్గు మీదుగానే వెళ్ళాడు, మహా అపచారం చేస్తున్నవాడిలా కళ్ళు మూసుకొని. వెనకనే నాగప్పన్, మార్కెట్టు నుంచి కూరగాయల సంచీతో, లోపలి అంచునే నడుచుకుంటూ వచ్చాడు. ముగ్గు దగ్గరికి రాగానే పాత అలవాటు కొద్దీ ఒక కాలు రోడ్డులోకి దించాడు.

తాయారు నడుము ఎత్తింది. పిండి చేతిని నడుము మీద పెట్టుకుంది.

"కండ్లు యాడ పెట్టుకోని నడస్తా ఉండావయ్యా?"

నాగప్పన్ ఉలిక్కిపడి, దించిన కాలు తీసి ముగ్గులో పెట్టాడు.